రిమార్కుల గడి

పొద్దున ఎనిమిదిన్నర.
మండలాఫీసు వెనక, జీపు షెడ్డు పక్కన
ముళ్లకంచె తలుపు తీసి
గరాటా ఎత్తుతాను.
సీసాలో నీళ్లుంటే గాజుగొట్టంలో పోసి
కంటికి సమంగా పట్టుకుంటాను.
లేకపోతే సున్నా.
సున్నా రాసినా సంతకం పెట్టాలి.

నాకు ముందు పాతికేళ్లు ఇది సిలార్ సాయిబు పని.
దూది ఏకే ఇంట పుట్టినవాడు,
మబ్బును చూసి బరువు చెప్పేవాడట.
రిటైరైన రోజున
తాళంచెవి, గొట్టం, పద్నాలుగు రిజిస్టర్లు నా చేతిలో పెట్టి
"అమ్మా రాహేలూ, గొట్టం జాగ్రత్త,
పగిలితే జీతంలో కోస్తారు" అన్నాడు.
అంతే. వాన గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

రిజిస్టర్లో చివరి గడి రిమార్కులకి.
ఉరుములనో వడగళ్లనో రాసి ఊరుకోవాలి.
ఆయన ఊరుకోలేదు.

జూన్ తొమ్మిది, 4.2.
"మృగశిర మాట నిలబెట్టుకుంది. కాస్తంత."
జూన్ ఇరవై మూడు, 0.0.
"పెట్టిన పత్తి గింజల్ని చీమలు మోసుకుపోతున్నాయి."
జులై నెల మొత్తం 71.
"గొర్రుకి పదును చాల్లేదు. మనుషులకి జలుబు చాలింది."
ఇంకో ఏడు ఆగస్టులో వరసగా పందొమ్మిది సున్నాలు,
ఆఖరి దాని పక్కన
"సంతకం పెట్టాలంటే సిగ్గేస్తోంది."
అక్టోబరు ఇరవై ఎనిమిది, తుపాను, 163.8.
"సీసా పొంగి డబ్బాలోకి పోయింది. అదీ కొలిచాను.
మా ఇంట్లోవి కొలవలేదు."

ఈ ఏడు నా వంతు.
రోహిణికి రోళ్లు పగిలాయి, అది మామూలే.
ఆరుద్ర కూడా ఆరబోసుకునే ఎండలోనే పోయింది.
నల్లరేగడి నెర్రెలిచ్చింది.
కోడిపిల్ల పడితే అరుపు వినాలి గాని
చెయ్యి అందదు.

మఖలో ఒక సాయంత్రం
ఎద్దుకి ఒక కొమ్ము తడిపి ఒక కొమ్ము వదిలేసే వాన వచ్చింది.
సరిగ్గా ఆఫీసు మీద,
జీపు షెడ్డు మీద, ఎదురు టీకొట్టు రేకు మీద.
డొంక దాటలేదు.
పొద్దున గొట్టంలో 58.6.

పదకొండు గంటలకి గోగులపాలెం నుంచి
వీరరాఘవమ్మ వచ్చింది.
కౌలు మూడెకరాలు,
మిర్చి నారుని బిందెలతో పోసి బతికిస్తోంది.
చెప్పులు గడప బయట విడిచింది.
మడమల దాకా దుమ్ము.
అర్జీ కాగితం వేరే తేలేదు.

"ఈ అంకె పైకి పోతే మన మండలం
కరువు లెక్కలో ఉండదంటగా.
కాస్త తగ్గించి రాయమ్మా.
చేతకాదూ, నీ డబ్బా తెచ్చి మా చేలో పెట్టు."

జానెడైనా లేని గరాటా
ఇరవై ఊళ్ల ఆకాశానికి సాక్ష్యం చెబుతోంది.
దాన్నేమని అడ్డప్రశ్నలు వేయను?
58.6 అనే ట్యాబులో ఎక్కించాను.
ఎక్కించేటప్పుడు నా మొహం ఆమెకి కనపడకుండా తిరిగి కూర్చున్నాను.
ట్యాబులో రిమార్కుల గడి లేదు.
ఎవరూ అడగని పాత రిజిస్టరు తీసి
"గోగులపాలెంలో దుమ్ము. కాళ్ల మీద చూశాను" అని రాసి
చదివి వినిపించాను.
"దానికి డబ్బులొస్తాయా?" అంది.
రావు అన్నాను.
చెప్పులేసుకుంది.

స్వాతిలో మళ్లీ వచ్చింది,
కొబ్బరినూనె సీసాతో. అడుగున రెండు వేళ్ల నీళ్లు.
"రాత్రి మా చేలో పడ్డది. రాసుకో."
ఎంత వెడల్పు గిన్నెలో పట్టావో తెలియకపోతే
మిల్లీమీటర్లు రావమ్మా అన్నాను.
"గిన్నె ఏందే పిల్లా," నవ్వింది,
"ఆకుల మీద నుంచి దులిపి తెచ్చా."

గొట్టంలో పోయలేదు.
పారబోయలేదు.
రిజిస్టరు మీద బరువుగా పెట్టాను,
ఫ్యాను గాలికి కాగితాలు లేవకుండా.
నీళ్ల మీద సన్నగా నూనె తెట్టు.
మూత తీస్తే ఇప్పటికీ
మిరపాకు వాసన.